అలవాటు

సొహార్‌లో, ఓడరేవు వైపు ఆసుపత్రిలో
నేను తుడిచేదాన్ని. మాట్లాడేదాన్ని కాదు.
తెలుగాయన వచ్చాడని బకెట్టు పక్కన పెట్టించి
నన్ను పిలిచారు. చేతులింకా ఫినాయిలు వాసన.

మంచం మీద తోకల పర్శరాములు,
కోరుట్ల అవతల ఏదో ఊరు.
రెండేళ్ల కిందట పరంజా మీంచి పడి
నడుములో ఇనుప మరలు బిగించుకున్నవాడు.
కంపెనీ మళ్లీ రమ్మంది: తేలిక పని, గేటు దగ్గర కుర్చీ.
దిగిన వారంలోపే సీసాలో మూత్రం పట్టించారు.
రెండు గీతలు రావాల్సిన చోట
ఒక్కటే వచ్చింది.

డాక్టరు నర్సుని అడిగాడు, నర్సు నన్నడిగింది,
నేనతన్ని: ఏం వేసుకున్నావన్నా?

"విజయ నూనె, చెల్లే.
జగిత్యాల వైద్యుడు రాసిచ్చిండు, చీటీ ఉన్నది.
గంజాయాకుతోటి చేస్తరట, నాలిక్కింద మూడు సుక్కలు.
కాళ్లు గుంజుడు షురువైతే పండనియ్యవు.
ఇంటికాడ ఉన్నన్ని దినాలు
పొద్దుమీకి అలవాటుగ వేసుకున్న.
ఈడికి తేలే. సీసా మా ఆమె చేతుల పెట్టి వచ్చిన."

అలవాటు.
మా రాజంపేటలో అలవాటంటే
అన్నం తిన్నాక ఒక వక్కపలుకు,
గడప దాటే ముందు కొంగు సర్దుకోవడం.
నాకొచ్చిన హిందీలో ఆదత్ అన్నాను.
కొట్టాయం నర్సు హ్యాబిట్ అంది.
డాక్టరు తలెత్తకుండా ఇద్మాన్ అని కొట్టాడు.
మూడు నోళ్లు, ఒక జత వేళ్లు.
అంతే పట్టింది
ఒక మనిషి వ్యసనపరుడు కావడానికి.

నొప్పి సంగతి కూడా అడిగారు. అది మాత్రం బాగా చెప్పాడు.
సలుపుతదన్నాడు. జివ్వుమంటదన్నాడు.
చీమలు పారినట్టు, ఆ చీమల మీద
ఎవరో మరిగే నీళ్లు పోసినట్టు.
పిక్కల తాడు పేనుతరు, తెల్లారిందాక పేనుతరు.
నేను దర్ద్ అన్నాను.
బహుత్ దర్ద్ అన్నాను.
ఇంకేం లేదు నా దగ్గర.

చీటీ తెలుగులో ఉంది.
తలకిందులుగా పట్టుకుని చూసి
మడతలు చెడకుండా తిరిగిచ్చారు.

మాన్పించే వార్డు రెండో అంతస్తులో.
రోజూ ఒకాయన కుర్చీ లాక్కుని కూర్చుంటాడు:
ఎప్పుడు కావాలనిపిస్తుంది? ఎంత గట్టిగా అనిపిస్తుంది?
"నూనె యాదికి రాదు, సారూ. కాలే యాదికొస్తది."
ఒప్పుకోకపోవడం కూడా జబ్బులో భాగమేనట.
అది కూడా రాసుకున్నారు.

క్యాంటీన్లో సుడానీ పిల్లాణ్ని అడిగి
రెండు ముక్కలు నేర్చుకున్నాను:
దవా. ముష్ ఇద్మాన్.
మందు. వ్యసనం కాదు.
నోట్లో తిప్పుకుంటూ మెట్లెక్కుతుంటే తట్టింది,
సారాకొట్టుకీ మందుల షాపుకీ
ఒకే మాట వాడే ఊరిదాన్ని,
ఈ దేశం వాళ్లనేమని అనేది?

డాక్టరు విన్నాడు. చెడ్డవాడు కాదు,
బల్ల మీద కవల పిల్లల ఫోటో.
నా యూనిఫాం మీది పేరు మెల్లగా కూడబలుక్కుని చదివాడు,
ఓబుళమ్మ.
ఖలాస్ అన్నాడు. ఫైలు పైకి వెళ్లిపోయింది.

గురువారం కంపెనీ వ్యాను వచ్చింది.
వీసా కొట్టేశారు, టికెట్టు డబ్బులు జీతంలో కోత.
"నువ్వు మంచిగనే చెప్పినవ్, చెల్లే," అన్నాడు,
ఒక చేత్తో తొడ పిసుక్కుంటూ.
ఆ మాటని మాత్రం ఏ భాషలోకీ మార్చలేను.

పద్నాలుగో మంచం పక్క గోడ మీద
నల్లగా ఒక మడమ ముద్ర.
రాత్రుళ్లు కాలు అక్కడ అదిమి పెట్టి
లెక్కపెట్టుకునేవాడట, నూరు దాకా, మళ్లీ ఒకటి నుంచి.

సూపర్‌వైజరు రెండుసార్లు చూపించాడు.
తుడుస్తానన్నాను.